శుక్రవారంనాడు విరగకూడని రేకు

ఆ శుక్రవారం పొద్దున అచ్చియ్యమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తలంటి పోసుకుని దీపం పెట్టడం, మాడుగుల నుంచి చెల్లెలు పంపిన హల్వా పొట్లం కోడలి కంట పడకుండా ఉట్టి మీదికి చేర్చడం, ఎండెక్కేలోగా కాస్త నడుం వాల్చడం, అంతే. దీపం అయింది, హల్వా ఉట్టెక్కింది. గంజి గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చున్న సమయాన కొడుకు బంగార్రాజు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి, మూడోది కాస్తా పాడు చేశాడు.

"అమ్మా, పదిగంటల బస్సుకి ఓవర్సీరుగారొస్తన్నారు. మన రేకు విరగ్గొడతారు."

అచ్చియ్యమ్మ గంజి గ్లాసు నోటి దాకా తెచ్చి దింపేసింది.

"విరగ్గొడతారా? ఆయనకి మనమేటి ద్రోహం సేసేమురా?"

"ద్రోహం కాదే, పరీక్ష. రెండు దిమ్మల మీద రేకు పెట్టి, నడిమధ్యన బరువులేసుకుంటా పోతారు. పక్కింటి పరదేశి బెల్లం అచ్చులు ఆరు మోసిందంటే బడికి రేకులేయిస్తారు."

"మరి విరిగితేనో?"

"విరగదేటి మరి! విరగడానికే కదే పరీక్ష!" అని గొడుగు చంకన పెట్టుకుని బంగార్రాజు బస్టాండుకి పరిగెత్తాడు. బడిలో పిల్లలకి ఒక్కో ముక్కా పదిసార్లు చెప్పే ఈ మనిషి, ఇంట్లోవాళ్ళకి మాత్రం సగం ముక్క ఒక్కసారే చెబుతాడు.

బంగార్రాజు చోడవరంలో ఆడపిల్లల బడికి క్రాఫ్టు మాస్టారు. ఆ బడి పెద్ద క్లాసుల పాకకి మొదట తాటాకు కప్పు ఉండేది. గాలివానకి అది లేచిపోయి ఎవరిదో చెరుకుతోటలో వాలింది. తరవాత పెంకు వేశారు. ఒకరోజు కోతి ఒకటి దాని మీద గెంతితే పెంకు జారి, సరిగ్గా బంగార్రాజు కూతురు చిన్నతల్లి ఒళ్ళో ఉన్న పలక మీద పడింది. పలక రెండు ముక్కలైంది. అదే తల అయితేనో అని ఊళ్ళో తల్లులందరికీ గుండె గుభేల్‌మంది, సగం మంది పిల్లల్ని మాన్పించేశారు. జూన్‌లోగా గట్టి కప్పు పడకపోతే పెద్ద క్లాసులు తెరవడం తన వల్ల కాదని రాజ్యం పంతులమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చెప్పేసింది.

అప్పట్నుంచీ బంగార్రాజుకి రేకు పిచ్చి పట్టింది. సున్నంలో గోగునార కలిపి, బెల్లంనీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి రుబ్బి, చెక్క అచ్చులో పరిచి పలకలా ఆరబెట్టేవాడు. మొదటి రేకుని చీమలు ఖాళీ చేశాయి. రెండోదాన్ని వీధి మేక రాత్రల్లా నాకి అద్దంలా చేసింది. మూడోదానికి బెల్లం తగ్గించాడు, నార పెంచాడు. రెండు నెలలపాటు తడిగోనె కప్పి పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసే పని తల్లికి అప్పగించాడు. అచ్చియ్యమ్మ ఆ రేకుకి పోసినన్ని నీళ్ళు తులసికోటకి కూడా పోసి ఉండదు.

ఎందుకంటే చిన్నతల్లి చదువంటే ఆవిడకి ప్రాణం. దానికి కారణం జ్ఞానం మీద గౌరవం కాదు, బస్సు. ఒకసారి ఆవిడ మాడుగుల వెళదామని బస్సెక్కి, వడ్డాదిలో దిగి, అక్కడ మళ్ళీ ఎక్కి కె.కోటపాడులో తేలింది. చెల్లెలి మనవడి బారసాలకి బయల్దేరిన మనిషి మర్నాడు పొద్దున ఇల్లు చేరి రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు చిన్నతల్లి వేలెత్తి బస్సు బోర్డు చదివి "మాడుగుల, మామ్మా" అంటే, ఆవిడ ఆ బస్సుకి తనే యజమానురాలైనట్టు ఎక్కి కూర్చుంటుంది. అలాంటి చదువు పెంకు ముక్క కోసం ఆగిపోవడమేమిటి?

ఇప్పుడు ఎవరో పెద్దమనిషి పనిగట్టుకు వచ్చి రేకు విరగ్గొడతాడట. అదీ శుక్రవారం పూట! శుక్రవారం ఇంట్లో గాజు పగిలినా ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టదు. అచ్చియ్యమ్మ గ్లాసు కింద పెట్టి, పక్కింటి గోడ మీంచి కేకేసింది.

"ఒరే పరదేశీ! బేగి రా!"

పరదేశి ఆవిడ మేనల్లుడు. బెల్లం వండుతాడు. మనిషికి ఎద్దంత బలం, మేనత్త మాట జవదాటడు.

"నూతికాడ బట్టలుతికే రాతిపలకుంది సూడు. అది పట్టుకొచ్చి రేకు సోటున ఎట్టు. పైన సున్నం పూసెయ్. రేకుని ఎక్కడన్నా దాసెయ్."

"మోసం కాదేటత్తా?"

"మోసం ఎలగవుద్దిరా? ఇయాళ ఒక్కరోజు గడవనీ. రేపు రాయి నూతికాడికి, రేకు బడికి. లచ్చిందేవి ఇంట్లో ఉంటాది, మన సిన్నతల్లి గుంట బడిలో ఉంటాది. ఎవలికేటి నష్టం?"

పరదేశికి నష్టమేమీ కనిపించలేదు. రాయి మోసుకొచ్చి దిమ్మల మీద పెట్టాడు, సున్నం పూశాడు, నమ్మకంగా ఉంటుందని తడిసున్నం మీద నాలుగు నారపోగులు కూడా అద్దాడు. రేకుని పశువులసాల వెనక గోనె కింద దాచాడు.

ఓవర్సీరు గణపతిరావుగారు విశాఖపట్నం మనిషి. మంచివాడు, నిక్కచ్చివాడు, భారీ మనిషి. ఈ మూడింటిలోనూ మూడోది ముందు కనిపిస్తుంది. బస్టాండు నుంచి నడిచొచ్చేసరికి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీని బంగార్రాజు పేము అల్లిక నేర్పడానికని బడికి పట్టుకుపోయి మూడేళ్ళయింది. కోడలు నూకరత్నం పరువు నిలబెట్టాలని పందిట్లో ఇటుకలు రెండు వరసలు పేర్చి, వాటి మీద బల్ల వేసి, చారల దుప్పటి పరిచి ఉంచింది. బల్ల ఎక్కడిదని అచ్చియ్యమ్మ అడగలేదు. రాతి మీద సున్నం ఆరిందా లేదా అన్నదే ఆవిడ బెంగ.

గణపతిరావుగారు బల్ల నడిమధ్య కూలబడి, "అమ్మయ్య, మెత్తగా ఉందే!" అన్నారు.

"కొత్త దుప్పటండి" అంది నూకరత్నం తలుపు చాటునుంచి, మురిసిపోతూ.

బంగార్రాజు తన రేకుని చూసి ముందు కాస్త తికమకపడ్డాడు. "రాత్రికంటే తెల్లగా ఉందేటమ్మా?"

"పెద్దమనిషొస్తన్నారని సున్నం పూయించినాను" అంది తల్లి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

గణపతిరావుగారు సంచిలోంచి ఇనపస్కేలు, దారం తీశారు. రేకు కిందుగా ఈ దిమ్మ నుంచి ఆ దిమ్మకి దారం బిగించి కట్టించారు. బరువుకి రేకు వంగితే దారానికి దగ్గరవుతుంది, ఎంత దగ్గరైందో స్కేలుతో కొలుస్తారు. "దీని బరువెంత ఉంటుంది మాస్టారూ?" అని అడిగితే, "ఒంటిచేత్తో ఎత్తొచ్చండి" అన్నాడు బంగార్రాజు గర్వంగా. పరదేశి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పరదేశి బెల్లం అచ్చులు ఒక్కొక్కటీ మణుగు బరువుంటాయి. ఒకటి పెట్టారు, రెండు పెట్టారు. ఆరోది పెట్టేటప్పుడు బంగార్రాజు కళ్ళు మూసుకున్నాడు. తెరిచి చూస్తే రేకు చెక్కుచెదరలేదు.

"గోగునారండి! అంతా ఆ పాళ్ళలో ఉందండి!" అన్నాడు బంగార్రాజు.

"ఇంకా వెయ్యండి" అన్నారు గణపతిరావుగారు.

పరదేశి తెచ్చిన అచ్చులన్నీ అయిపోయాయి. పరదేశినే ఎక్కి నిలబడమన్నారు. వాడి పక్కన బంగార్రాజు ఎక్కాడు. వీధిలో జనం చేరి ఈలలు వేశారు. గణపతిరావుగారు బల్ల మీంచే వంగి స్కేలు పెట్టి చూశారు. ఖాళీ మొదట ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. మొదట సంతోషంతో విప్పారిన ఆయన మొహం మెల్లిగా చిన్నబోయింది.

"వింతగా ఉంది మాస్టారూ. ఇంత బరువుకి ఇనుమైనా కాస్త నడుం వంచుతుంది."

అచ్చియ్యమ్మ ఇదే అదనని ముందుకొచ్చింది. "విరగలేదు కద బాబూ, మరి సంతకం ఎట్టీండి. మాడుగుల హల్వా ఉంది, తిందురుగాని."

"విరగలేదు కాబట్టే పెట్టలేనమ్మా. ఎంత బరువుకి విరుగుతుందో, విరిగేటప్పుడు ఎలా విరుగుతుందో తెలియని కప్పుని పిల్లల నెత్తిన ఎలా పెట్టమంటారు? విరిగితేనే పాసు."

అచ్చియ్యమ్మ కొడుకు వైపు తిరిగింది. విరిగితే పాసా! ఆ మిగతా సగం ముక్క ఈ వెధవ పొద్దున్నే చెప్పి ఏడవొచ్చు కదా అని కన్నకొడుకుని మనసులోనే తిట్టుకుంది.

గణపతిరావుగారు ఇంకా అయిపోలేదన్నట్టు వేలెత్తారు. "దీన్ని సాయంత్రం బస్సు మీద వేసుకుని విశాఖపట్నం పట్టుకుపోతాను. అక్కడ కాలేజీలో విరగ్గొట్టే మిషను ఉంది. పెద్ద ఇంజనీరుగారు దగ్గరుండి చూస్తారు. పేపరువాళ్ళకి కూడా కబురు పెడదాం."

బంగార్రాజు అప్పటికే భూమ్మీద లేడు. "శారదానది మీద వంతెనకి కూడా పనికొస్తాదేమోనండి" అంటున్నాడు.

అచ్చియ్యమ్మ పరదేశిని పెరట్లోకి లాక్కుపోయింది. "ఆయన బోయినానికి కూకున్నప్పుడు రాయి తీసి రేకు ఎట్టీమని సెప్తన్నాను, ఇనబడిందా? పట్రా బేగి."

పరదేశి వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు. చేతిలో గోనె తప్ప మరేమీ లేదు.

"రేకు లేదత్తా."

లేకపోవడమేమిటి! ఆవిడ సాలంతా వెతికింది, గడ్డిమేటు కెలికింది, నూతిలోకి తొంగి చూసింది. ఏ మేకైనా తినేసిందేమోనని వీధి మేకల పొట్టలు కూడా పరకాయించి వచ్చింది. ఇక గత్యంతరం లేక వంటింటి గుమ్మంలో నిలబడి, గుట్టు బయటపడకుండా కోడల్ని కదిపింది.

"ఒసే నూకరత్నం, నాను దాసిందేటైనా తీసేవేటే?"

నూకరత్నం గరిటె ఆపింది. ఉట్టి మీద హల్వా సంగతి ఆమెకి పొద్దున్నే తెలుసు. అందులోంచి వేలెడు ముక్క తీసి చిన్నతల్లికి పెట్టిన మాట కూడా నిజమే.

"ఏటత్తా ఆ మాట? నాను తీసీదాన్నా? తీసి మా అమ్మోళ్ళింటికి పంపించీసేననుకున్నారా? ఆయన్ని పిలండి, ఆ పెద్దమనిషి ముందే తేల్సుకుందాం!"

"ఊరుకోవే తల్లీ, నీకు దండమెడతాను" అని అచ్చియ్యమ్మ అక్కడనుంచి జారుకుంది.

గణపతిరావుగారు ముద్దపప్పు, వంకాయ కూర, ఆవపెట్టిన అరటికాయ, రెండుసార్లు మజ్జిగ, ఆ పైన హల్వా పుచ్చుకుని మళ్ళీ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. బంగార్రాజు మీద ఆయనకి అభిమానం ముంచుకొచ్చింది. "మీరూ కూర్చోండి మాస్టారూ, మీలాంటివాళ్ళు నిలబడకూడదు" అని చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. పరదేశి రాతి మీది బెల్లం అచ్చులు దింపుతూ, కింద పెడితే చీమలు పడతాయని నాలుగింటిని ఆ బల్ల మీదే సర్దాడు. చారల దుప్పటి కుచ్చులు మెల్లిగా నేలకి దిగాయి. గణపతిరావుగారు నిద్రమత్తులో "ఉయ్యాలలా ఉంది" అన్నారు.

"ఇంక బస్సుకి టైమైంది. ఒంటిచేత్తో ఎత్తొచ్చన్నారుగా, ఏదీ, ఎత్తు నాయనా" అన్నారు కాసేపటికి, పరదేశి వైపు చూసి.

పరదేశి మేనత్త వైపు చూశాడు. మేనత్త ఆకాశం వైపు చూసింది. వాడు ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడిచెయ్యి రాతి కిందికి పోనిచ్చి, నవ్వు మొహంతోనే లేపాడు. మెడ నరాలు తాళ్ళలా తేలాయి.

"తేలిగ్గానే... ఉందండి... దూది..." అంటూ మోకాటి ఎత్తు దాకా తెచ్చాడు. ముందు నవ్వు జారింది, వెంటనే రాయి జారింది. దిమ్మ అంచుకి తగిలి ఠప్పున రెండు ముక్కలైంది. లోపలంతా నల్లగా నిగనిగలాడుతోంది.

గణపతిరావుగారు సగం లేచి నిలబడ్డారు.

"రాయి! మాస్టారూ, ఇది రాయి!"

"రాయేటండి?" అన్నాడు బంగార్రాజు, బల్ల మీంచే ముందుకి వంగి.

"పిల్లల బడి పేరు చెప్పి ఇంత మోసమా? మీ బడికి రేకు లేదు, గీకు లేదు, పొండి!" అని గణపతిరావుగారు కోపమంతా కూడగట్టుకుని దభీమని బల్ల మీద కూలబడ్డారు.

బల్ల కర్ర్... ర్ర్... ర్ర్‌మంది. ఆయన పడలేదు, దిగారు. నడిమధ్య విరిగిన బల్ల ఆయన్ని మెల్లమెల్లగా, నిద్రపోయే పిల్లని పక్క మీదికి దింపినట్టు నేలకి దింపింది. బెల్లం అచ్చులు ఒక్కొక్కటే వచ్చి ఆయన ఒళ్ళో చేరాయి. బంగార్రాజు ఆయన భుజం మీద వాలాడు. దుప్పటి తొలగింది. విరిగిన చోట గోగునార పోగులు బిగుసుకుని కనిపించాయి.

అచ్చియ్యమ్మ గుర్తు పట్టింది. రెండు నెలలు నీళ్ళు పోసిన మనిషి పట్టదా? నోరు మూసుకుంటే కొడుకు మోసగాడవుతాడు, మనవరాలి చదువు ఈ పందిట్లోనే ఆగిపోతుంది. ఆవిడ ముందుకొచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూలబడింది.

"బాబూ, మా వోడికేటీ తెలీదు. రాయి నాను ఎట్టించినాను. శుక్రవారం ఇంట్లో విరక్కూడదని, విరిగితే గుంట సదువు పోద్దని బయపడ్డాను. సదువు లేనిదాన్ని, నాకు పరీక్షంటే ఏటి తెలుస్తాది? తిట్టీదేదో నన్ను తిట్టండి. మీరు కూకున్నదే అసలు రేకు." చెబుతూ చెబుతూనే భోరుమంది.

తలుపు చాటునుంచి నూకరత్నం కెవ్వుమంది. "ఓలమ్మో! సాల ఎనకాల గోనె కింద పలక కనబడితే, పాత బల్లేమో అని నానే తెచ్చి వేసేను!"

గణపతిరావుగారు బెల్లం పక్కకి నెట్టి, మోకాళ్ళ మీద ఒంగి పగులు పొడుగునా వేలితో తడిమారు. రెండు భాగాల్నీ చెరోచేత్తో పట్టి లాగారు. నార వదల్లేదు. మళ్ళీ లాగారు. తల తిప్పి రెండు ముక్కలైన రాతిని చూశారు.

"మాస్టారూ, ఆ రాయి విరిగేముందు ఏమైనా చెప్పిందా?"

"లేదండి" అన్నాడు బంగార్రాజు ఏడుపుగొంతుతో.

"ఇది పొద్దుటి నుంచీ చెబుతూనే ఉంది. నేనే మెత్తగా ఉందని మురిసిపోయాను. విరిగాక కూడా నన్ను వదిలెయ్యలేదు చూశారా? పిల్లల నెత్తిన ఉండాల్సింది ఇదండీ." ఆయన కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. "లేవండి మామ్మగారూ, ఏడవకండి. మీ రేకు విరిగింది. పాసైంది."

అచ్చియ్యమ్మ ఏడుపు ఆపడం మరిచిపోయి నవ్వడం మొదలుపెట్టింది. బంగార్రాజు తల్లి కాళ్ళకి దండం పెట్టాలో, అరవాలో తెలియక రెండూ చేశాడు.

"అయితే ఒకటి" అన్నారు గణపతిరావుగారు పెన్ను తీసి. "ఎంత బరువుకి విరిగిందో రాయాలి. బెల్లం అచ్చులు నాలుగు. మాస్టారు. ఇంకా..." అని దగ్గారు. అందరూ ఆయన వంకే చూశారు.

పరదేశి ఇంట్లో బెల్లం తూచే పెద్ద కాటా ఉంది. బంగార్రాజు తూకం చిటికెలో అయింది. గణపతిరావుగారు ఒక తట్టలో కూర్చున్నాక పరదేశి రెండో తట్టలో అచ్చులు పేరుస్తూ పోయాడు, చాలక ఇంట్లోకి పరిగెత్తాడు, మళ్ళీ పరిగెత్తాడు. తులాభారమనుకుని వీధిలో ఆడవాళ్ళు హారతి పట్టుకొచ్చారు. ఒకావిడ కొబ్బరికాయ కొట్టింది. అచ్చియ్యమ్మ ఆయన నుదుట ఇంత బొట్టు పెట్టింది. మొత్తం కలిపితే కావలసిన బరువుకి రెండింతలు దాటింది. అందులో ఎవరి వాటా ఎంతో విడివిడిగా రాయక్కర్లేదని గణపతిరావుగారు అక్కడికక్కడే తీర్మానించారు.

ఆయన బస్సెక్కాక నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని అడిగింది. "శుక్రవారంపూట రాయి ఇరిగింది, రేకు ఇరిగింది. లచ్చిందేవి ఎల్లిపోయిందేటత్తా?"

"ఎక్కడికెల్తాదే? ఇంట్లో హల్వా ఉందని ఆగిపోయింది" అని అచ్చియ్యమ్మ ఉట్టి మీది పొట్లం దింపి, ఉన్నదంతా కోడలి చేతిలో పెట్టింది.

జూన్‌లో బడి మీద నారరేకులు పడ్డాయి. మానేసిన పిల్లలంతా తిరిగొచ్చారు. తొలివాన రోజున కోతి రెండుసార్లు గెంతి చూసి, శబ్దం నచ్చక వెళ్ళిపోయింది. రేకుల కింద చిన్నతల్లి గొంతెత్తి పాఠం చదువుతుంటే, అచ్చియ్యమ్మ ఏ పనీ లేకుండానే బడి ముందునుంచి మూడుసార్లు నడిచింది.

గణపతిరావుగారు ఆ తరవాత చోడవరం చాలాసార్లు వచ్చారు గాని, ఎవరు కూర్చోమన్నా ముందు దుప్పటి ఎత్తి చూడందే కూర్చోలేదు.